సంచి తగిలించి ఇంటికి పంపితే వైద్యం అయిపోయినట్టేనా?

తెలుగు రాష్ట్రాల్లో మూత్రాశయ శస్త్రచికిత్సలు చేసే ఆస్పత్రుల పాలకవర్గాలకు, సూపరింటెండెంట్లకు, యూరాలజీ, క్యాన్సర్ శస్త్రచికిత్స విభాగాల అధిపతులకు ఒక రోగి భార్య రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులారా,



మా ప్రాంతంలోని ఒక పెద్ద ఆస్పత్రిలో పొట్ట మీద వేసిన దారికి సంచి మార్చడం నేర్పే, వారానికి ఒక పూట తెరిచే స్టోమా గదిని ఇటీవల మూసేశారు. అందులో కూర్చునే నర్సమ్మను, ఆ పనిలో శిక్షణ ఉన్న ఒకే ఒక్క మనిషిని, వేరే వార్డుకు వేశారు. ఎందుకని అడిగినవాళ్లకు దొరికిన జవాబు ఇది: "ఇలాంటి కేసులు నెలకు ఎన్ని వస్తాయమ్మా? వాటికోసం ఒక మనిషిని కేటాయించలేం. సంచి మార్చడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఫోన్లో వీడియోలున్నాయి, చూసుకోండి."

ఆ ఆస్పత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ కొన్నాళ్లయినా అలాంటి గది ఉండేది. మీలో చాలామంది దగ్గర మొదటినుంచీ లేదు. మూత్రాశయం తీసేసి మూత్రానికి వేరే దారి వేయడం వరకే మన పని, ఆ దారితో బతకడం నేర్చుకోవడం రోగి సొంత బాధ్యత అనుకునే వాళ్లందరికీ ఈ లేఖ. ఆ ఆలోచనను నేను ఒప్పుకోలేను.

నా భర్తకు మూత్రాశయ క్యాన్సర్ కండరంలోకి దిగిందని తేలాక మూత్రాశయం తీసేశారు. ఆపరేషన్ చేసిన డాక్టరుగారి పేరు మా ఇంట్లో ఈనాటికీ గౌరవంగానే పలుకుతాం. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషిని. ఆయనకు సంచి మార్చడం చేతనయ్యాక, ఇదే ఆపరేషన్ అయిన కుటుంబాలు ఒకరి ద్వారా ఒకరు నా నంబరు తెలుసుకుని ఫోన్ చేయడం మొదలుపెట్టాయి. కొందరి ఇళ్లకు వెళ్లాను, మంచం పక్కన కూర్చున్నాను. ఈ లేఖలో మిమ్మల్ని అడిగే ప్రశ్నలు చాలావరకు ఆ మంచాల దగ్గర పుట్టినవే.

మీరు చేసే ఆపరేషన్ ఎంత పెద్దదో మీకు నేను చెప్పనక్కర్లేదు. చదివేవాళ్ల కోసం రెండు మాటలు. మగవారికైతే మూత్రాశయంతో పాటు ప్రోస్టేటు, వీర్యకోశాలు తీసేస్తారు. ఆడవారికి చాలాసార్లు గర్భసంచి, అండాశయాలు, యోని ముందుగోడలో కొంత భాగం కూడా పోతాయి. ఆ తర్వాత చిన్నపేగు చివరి భాగం నుంచి సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల ముక్క విడదీసి, రెండు కిడ్నీల నుంచి వచ్చే నాళాలను దానికి కలిపి, ఆ ముక్క రెండో కొసను పొట్టకు కుడివైపు బయటికి తెస్తారు. ఎర్రగా, తడిగా పైకి కనిపించే ఆ కొసే స్టోమా. దాన్ని బిగించి ఆపుకునే కండరం ఏదీ ఉండదు కాబట్టి మూత్రం పగలూ రాత్రీ చుక్కచుక్కగా వస్తూనే ఉంటుంది. అందుకే సంచి. 1950లో అమెరికాకు చెందిన యూజీన్ బ్రికర్ ఈ పద్ధతిని ప్రపంచానికి వివరించాడు. ఇన్ని కొత్త పద్ధతులు వచ్చాక కూడా ఎక్కువమందికి ఇప్పటికీ చేస్తున్నది ఇదే.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ కేంద్రం తమ దగ్గర మూత్రాశయం తీసేసిన 1,142 మంది రికార్డులు పరిశీలించి 2009లో ఫలితాలు ప్రచురించింది. 90 రోజుల్లోపు ఏదో ఒక ఇబ్బంది వచ్చినవాళ్లు 64 శాతం. ప్రపంచంలోనే పేరుమోసిన చోట లెక్క అది. అలాంటప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనో నాగర్‌కర్నూల్ జిల్లాలోనో ఒక పల్లెకు తిరిగి వెళ్లిన మనిషికి ఆ 90 రోజులూ దిక్కెవరు? డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఈ ప్రశ్న మీకు తట్టడం లేదా?

ఆపరేషన్‌కు ముందురోజు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే నేను చూసిన కష్టాల్లో సగానికి మూలం అక్కడే ఉంది.

స్టోమా ఎక్కడ రావాలో రోగి మెలకువగా ఉన్నప్పుడే చూసి, చెరగని పెన్నుతో గుర్తు పెట్టాలి. పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి, ముందుకు వంచి చూడాలి. ఎక్కడ మడత పడుతోంది, పాత కుట్ల మచ్చలు ఎక్కడున్నాయి, తుంటి ఎముక, పక్కటెముక ఎంత దూరంలో ఉన్నాయి అని చూడాలి. తల వంచితే ఆ చోటు రోగి కంటికి కనిపించాలి. కనిపించకపోతే తన సంచి తాను మార్చుకోలేడు, బతికినంతకాలం ఇంకొకరి చేతి మీద ఆధారపడాలి. మత్తిచ్చి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాక ఎవరి పొట్టయినా చదునుగానే ఉంటుంది. లేచి కూర్చున్నాకే మడత బయటపడుతుంది. స్టోమా ఆ మడతలో పడిందంటే, సంచిని చర్మానికి పట్టి ఉంచే ప్లేటు ఎంత ఖరీదైనదైనా నిలవదు.

ఇక్కడ మన మనుషుల కట్టుబొట్టు కూడా మీకు తెలిసి ఉండాలి. ఒక ఇంట్లో ఆవిడకు సరిగ్గా లంగా బొందు కట్టుకునే చోట స్టోమా వచ్చింది. బొందు బిగిస్తే మూత్రం సంచిలోకి దిగక వెనక్కి తన్ని, ప్లేటు కిందినుంచి కారిపోతోంది. బొందు వదులు చేస్తే చీర నిలవదు. డెబ్భై ఏళ్లకు దగ్గరైన ఆ అమ్మ నైటీలో ఇంటి లోపలే ఉండిపోయింది. పేరంటానికి పోదు, వాకిట్లోకి రాదు. మరొక పెద్దాయనకు పంచె కట్టు మీదికి వచ్చింది. నడుం వంచి కలుపు తీసే మనిషికి, నమాజులో వంగి లేచే మనిషికి, రోజంతా కుట్టుమిషన్ ముందు కూర్చునే మనిషికి ఒకేచోట గుర్తు పెడితే కుదురుతుందా? మన ఆడవాళ్లలో ఎంతమందికి పొట్ట మీద కుటుంబ నియంత్రణ కుట్లు, గర్భసంచి ఆపరేషన్ కుట్లు ఉన్నాయో మీకు తెలియదా? ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడి అంచనాతో నిర్ణయించే చోట ఇవేవీ లెక్కలోకి రావు.

దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక పెన్ను, ఒక కుర్చీ, పావుగంట తీరిక చాలు. అమెరికా యూరాలజీ సంఘం, అక్కడి స్టోమా నర్సుల సంఘం కలిసి, యూరోస్టమీ, అంటే మూత్రానికి ఇలా స్టోమాతో దారి, వేయబోయే ప్రతి రోగికీ ముందుగా గుర్తు పెట్టాలని ఉమ్మడిగా ప్రకటించాయి. అంతర్జాతీయ ఆస్టమీ సంఘం 1993లోనే స్టోమా ఉన్నవారి హక్కుల పత్రం విడుదల చేసింది. ఆపరేషన్‌కు ముందు కౌన్సెలింగ్, సరైన చోట సరిగా అమర్చిన స్టోమా, ఆస్పత్రిలోనూ ఊళ్లోనూ అనుభవమున్న నర్సు సాయం అనేవి రోగి హక్కులని అందులో ఉంది. ముప్ఫై ఏళ్లు దాటింది. మీ ఆస్పత్రిలో గత ఏడాది ఈ ఆపరేషన్ అయినవాళ్ల కేసుషీట్లు తీయించండి. ముందురోజు గుర్తు పెట్టినట్టు ఎన్నింటిలో రాసి ఉందో మీరే చూడండి.

సంతకం సంగతి కూడా అడగాలి. సమీరా కోహ్లి కేసులో 2008లో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది. చికిత్స స్వభావం ఏమిటి, ప్రత్యామ్నాయాలు ఏమున్నాయి, ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నది రోగికి అర్థమయ్యేలా చెప్పాకే తీసుకున్న సమ్మతి సమ్మతి. మరి మీ వార్డుల్లో జరుగుతున్నదేమిటి? ఆపరేషన్ ముందు సాయంత్రం ఇంగ్లీషులో అచ్చయిన కాగితం తెచ్చి, ఇక్కడొకటి అక్కడొకటి సంతకాలు పెట్టించుకుంటున్నారు. పక్కన సంచి పెడతారని మాత్రం చెబుతారు. ఎన్నాళ్లు అని అడిగితే చూద్దాంలే అని అంటారు. కొన్నాళ్లలో తీసేస్తారేమోనన్న ఆశతో ఇంటికెళ్లి, నెల తర్వాత చెకప్‌కు వచ్చి, ఇది చనిపోయేదాకా ఉండేదని క్యూలో నిలబడి తెలుసుకున్నవాళ్లను నేను ఎరుగుదును. ఆ మాట ముందే చెబితే ఆపరేషన్ వద్దంటారని మీ భయం కావచ్చు. భయపెట్టకుండా నిజం చెప్పే ఓపిక వైద్యంలో భాగం కాదా?

పేగుతోనే లోపల కొత్త మూత్రాశయం కట్టే పద్ధతి ఉంది. దాన్ని నియోబ్లాడర్ అంటారు. సంచి ఉండదు. కానీ అది అందరికీ పనికిరాదు. కిడ్నీలు బాగా పనిచేయాలి, మూత్రమార్గంలో క్యాన్సర్ ఉండకూడదు, మనిషికి నేర్చుకునే ఓపిక, చేతుల నేర్పు ఉండాలి. మూత్రం వస్తున్నట్టు మునుపటిలా తెలియదు కాబట్టి మొదట్లో రెండు మూడు గంటలకోసారి గడియారం చూసి వెళ్లాలి, రాత్రి అలారం పెట్టుకుని లేవాలి. నిద్రలో పక్క తడవడం చాలామందికి నెలల తరబడి ఉంటుంది. కొందరు సన్నటి గొట్టం తామే పెట్టుకుని ఖాళీ చేసుకోవాల్సి వస్తుంది. సంచి ఉంటే ఒక కష్టం, లేకపోతే ఇంకొక కష్టం. రెండింటినీ ఎదురుగా పెట్టి, ఎవరి బతుకుకు ఏది సరిపోతుందో కూర్చుని మాట్లాడాలి. ఈ రెండో దారి ఉందన్న సంగతే తెలియనివాళ్లు సంతకం పెట్టిన కాగితానికి విలువ ఎంత?

భార్యాభర్తల సంబంధం గురించి ఎవరూ ఒక్క మాట చెప్పరు. మగవారికి అంగస్తంభన నరాలు దెబ్బతినే అవకాశం ఎక్కువని, ఆడవారికి యోని పొట్టిదై నొప్పి వస్తుందని మీకు తెలుసు. వయసు మీరినవాళ్లకు ఆ సంగతులెందుకని మీరే నిర్ణయించేస్తున్నారు. ఆ నిర్ణయం మీది కాదు.

ఆపరేషన్‌కు ముందు రోగి చేయాల్సినవి చాలా ఉన్నాయి. చుట్ట, బీడీ, సిగరెట్ మానేయాలి. మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగే కారణం, గాయం మానకుండా ఆపేదీ అదే. గుడ్డు, పప్పు, పాలు, చేప ఏది కుదిరితే అది తిని బలం తెచ్చుకోవాలి. బంతుల పరికరంతో ఊపిరి పీల్చే అభ్యాసం ముందే మొదలుపెట్టాలి. ఖాళీ సంచిలో కాసిన్ని నీళ్లు పోసి పొట్టకు అతికించుకుని ఒక పూట తిరిగి చూస్తే, ఎక్కడ ఒత్తుకుంటుందో తెలుస్తుంది, భయమూ సగం తగ్గుతుంది. ఇవి చెప్పడానికి అరగంట చాలు. ఆ అరగంట ఎవరి డ్యూటీ అని మీ ఆస్పత్రిలో ఎక్కడైనా రాసి ఉందా?

ఇక ఇంటికి పంపే రోజు.

నేను చూసిన డిశ్చార్జి సమ్మరీల్లో ఈ మొత్తం వ్యవహారానికి దక్కేది ఒకే వాక్యం, అదీ ఇంగ్లీషులో. స్టోమా సంరక్షణ గురించి చెప్పడమైనది అని. ఎవరికి చెప్పారు? ఏ భాషలో చెప్పారు? విన్నవాళ్లు తిరిగి చేసి చూపించారా?

పురుడు పోసిన మంత్రసాని బాలింతకు పథ్యం చెప్పి, బిడ్డను ఎలా ఎత్తుకోవాలో చూపించి, పాలు పట్టించి చూశాకే గడప దాటేది. ఇంత పెద్ద ఆపరేషన్ చేసిన మీరు, రోగి గానీ ఇంట్లోవాళ్లు గానీ ఒక్కసారి కూడా తమ చేత్తో సంచి మార్చకముందే బెడ్డు ఖాళీ చేయిస్తున్నారు.

దాని ఫలితాలు ఎలా ఉంటాయో మీ ఓపీలో కనిపించవు, కాబట్టి చెబుతాను. జిల్లా కేంద్రంలో మందుల షాపుకు వెళ్లి సంచి అడిగితే మలానికి వాడే కొలోస్టమీ సంచి ఇచ్చారు. దానికి కింద కుళాయి ఉండదు, క్లిప్పు ఉంటుంది. ఆ క్లిప్పులోంచి మూత్రం కారుతుంటే తమదే తప్పనుకుని గుడ్డలు కట్టుకున్నారు. ప్లేటుకు రంధ్రం ఎంత కత్తిరించాలో తెలియక పెద్దగా కత్తిరించారు. స్టోమా చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఖాళీ ఉంటే మూత్రం చర్మాన్ని తినేస్తుంది. చర్మం ఒరిసిపోయి మండుతుంటే కొబ్బరినూనె రాశారు, పసుపు అద్దారు, పౌడరు చల్లారు. నూనె రాసిన చర్మానికి ప్లేటు అంటుకోదు. అంటుకోకపోతే మళ్లీ కారుతుంది, మళ్లీ మండుతుంది. అయిదు రోజులు రావలసిన ప్లేటు పూటకొకటి చొప్పున పోయింది. మంచినీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి అతికించాలని, ఇంకేమీ రాయకూడదని చెప్పినవాళ్లు లేరు. పొద్దున్నే కాఫీ, నీళ్లు తాగకముందు మూత్రం తక్కువగా వస్తుంది, మార్చడానికి అదే మంచి సమయమని చెప్పినవాళ్లూ లేరు.

ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా స్టోమా వాపు తగ్గి చిన్నదవుతూ ఉంటుంది. డిశ్చార్జి రోజు కొలతతో రెండో నెలలోనూ కత్తిరిస్తుంటే చర్మం పాడవదా? మూత్రంలో తెల్లటి తీగల్లాంటి జిగురు కనిపిస్తే చీము అనుకుని రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని పట్నానికి పరుగెత్తిన కుటుంబం ఉంది. అది పేగు ఊరించే జిగురు, సహజం. స్టోమాను తుడిచేటప్పుడు రెండు చుక్కల రక్తం కనిపించడమూ సహజమే. స్టోమా నల్లబడటం, గంటల తరబడి మూత్రం రాకపోవడం, చలితో జ్వరం రావడం, నడుం పక్కన నొప్పి రావడం మాత్రం సహజం కాదు. వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే బయల్దేరాలి. ఏది భయపడాల్సింది, ఏది కానిది అనే తేడా ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి ఇవ్వడానికి మీకు అడ్డేమిటి?

అన్నిటికంటే ప్రమాదమైనది నీళ్లు తాగకపోవడం. కారుతుందన్న భయంతో, ప్రయాణంలో పరువు పోతుందన్న భయంతో రోగులు నీళ్లు మానేస్తున్నారు. డాక్టరు వద్దన్న కారణం ఏదీ లేకపోతే రోజుకు రెండు లీటర్లకు పైగా తాగాల్సిన మనుషులు వాళ్లు. మన ఎండల్లో నీళ్లు తాగకుండా వాళ్ల కిడ్నీలు ఎన్నాళ్లు నిలుస్తాయి? రాత్రిపూట పెద్ద సంచిని గొట్టంతో కలిపి మంచం పక్కన పెట్టుకుంటే నిద్రలో లేవక్కర్లేదని తెలియక, గంటకోసారి లేచి కూర్చున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. రోగితో పాటు భార్యకో, కోడలికో నిద్ర లేదు.

ల్యాబుల సంగతి వేరే చెప్పాలి. మూత్రం కల్చర్ పరీక్షకు సంచిలోంచి పట్టిన నమూనా పనికిరాదు. సంచి తీసి, స్టోమాను శుభ్రం చేసి, సన్నటి గొట్టంతో తాజాగా తీయాలి. మా ఊరి ల్యాబు కుర్రాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? సంచిలోంచి పట్టిన మూత్రంలో క్రిములు తప్పకుండా కనిపిస్తాయి. రిపోర్టు చూసి, జ్వరమూ నొప్పీ లేని మనిషికి కూడా ఖరీదైన యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఎక్కిస్తున్నారు. మీ సమ్మరీలో ఒక్క వాక్యం ఉంటే ఇది ఆగుతుంది.

వీడియోలు చూసుకోమన్న జవాబుకు ఇప్పుడు నా జవాబు. వీడియోలో కనిపించే పొట్ట వేరు, మంచం మీద ఉన్న పొట్ట వేరు. మడతలో ఉన్న స్టోమాకు లోపలికి ఒత్తే ఉబ్బెత్తు ప్లేటు, దాంతో పాటు బెల్టు కావాలని, పక్కన గుంట ఉంటే పేస్టుతో నింపాలని వీడియో చూసి ఎవరు తేల్చుకుంటారు? వణికే చేతుల ముసలాయనకు రెండు ముక్కల సంచి మంచిదా, ఒకే ముక్కది మంచిదా అన్నది వీడియో చెబుతుందా? ఇది చూసి, తాకి, నేర్పే పని. అందుకే చాలా దేశాల్లో దీన్ని ప్రత్యేకమైన నర్సింగ్ శాఖగా గుర్తించారు. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే సర్జన్ ఈ పనికోసం ఒక మనిషిని నియమించాడు. ఆమె పేరు నార్మా గిల్. ఆమె నర్సు కాదు, స్వయంగా స్టోమా ఉన్న రోగి. ఆమెతో మొదలైన ఆ వృత్తికి 1978 నాటికి ప్రపంచ సంఘం ఏర్పడింది. మన దేశంలో ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి దశాబ్దాలుగా ఈ శిక్షణ ఇస్తోంది. ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కూడా ముంబయి నుంచే పనిచేస్తోంది. టాటా మెమోరియల్ సెంటర్ శాఖ విశాఖపట్నం దగ్గర అగనంపూడిలోనే ఉంది. శిక్షణకు పంపేందుకు మనుషులు లేరంటారా? అనుభవమున్న పాత రోగులను, వాళ్ల ఇంటివాళ్లను పిలిచి కొత్త రోగుల పక్కన కూర్చోబెట్టండి. పిలిస్తే నేను వస్తాను. నాలాంటివాళ్లు ప్రతి జిల్లాలో ఉన్నారు.

కేసులు తక్కువన్నారు. ఆ లెక్క కూడా సరికాదు. స్టోమా నర్సు అవసరం మూత్రాశయ రోగులకే కాదు. పెద్దపేగు, మలద్వార క్యాన్సర్లకు ఆపరేషన్ అయినవాళ్లు, పేగుకు రంధ్రం పడి అర్ధరాత్రి అత్యవసరంగా కోయించుకున్నవాళ్లు, మలద్వారం లేకుండా పుట్టిన పసిబిడ్డలు అందరికీ ఆ నర్సే కావాలి. క్యాన్సర్ వార్డు, జనరల్ సర్జరీ, పిల్లల సర్జరీ, యూరాలజీ లెక్కలు కలిపి చూడండి. అప్పుడు కూడా ఒక మనిషి జీతానికి తగిన పని లేదని మీరు చెప్పగలరా?

డబ్బు గురించి కొంచెమే చెబుతాను. 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చాక అంతకుముందు కలలో కూడా చేయించుకోలేని ఆపరేషన్లు పేదలకు అందాయి. ఆ మేలు కాదనే మనిషిని కాను. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు కూడా భరిస్తుంది. స్టోమా మాత్రం పదహారో రోజునా ఉంటుంది, పదహారో ఏటా ఉంటుంది. ప్లేటు, సంచి కలిపి ఒక్కోసారికి వందల్లో ఖర్చు. కూలి మీద బతికే ఇంట్లో ప్లేటును పదిరోజులు లాగుతారు, ప్లాస్టర్లు అతికిస్తారు, సంచిని కడిగి కడిగి వాడతారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో స్టోమా లేదు కాబట్టి ఆ దారిలోనూ వీరికి ఏమీ దొరకదు. ప్రభుత్వాలను అడగాల్సిన మాటలు మీకెందుకు చెబుతున్నానంటే, ఈ పథకాలు నడిపే ట్రస్టులకు ప్యాకేజీలు ఎలా ఉండాలో సలహా ఇచ్చేది మీరు, బిల్లులు పంపేది మీరు. సంచి లేకుండా ఈ ఆపరేషన్‌కు అర్థం లేదని ఒక ఉత్తరం రాయగల అధికారం మీకుంది. సంచి కూడా చికిత్సలో భాగమని ఒక విభాగాధిపతి సంతకంతో వెళ్లే ఉత్తరానికి ఉండే బరువు నా ఉత్తరానికి ఉండదు.

చివరిది, మెల్లగా ప్రాణం తీసేది. పేగులోంచి మూత్రం పోతున్నప్పుడు అందులోని ఆమ్లాలు కొంత రక్తంలోకి తిరిగి చేరతాయి. నీరసం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం వయసు వల్ల అనుకుంటారు. రక్తపరీక్ష చేసి సోడాబైకార్బనేట్ మాత్ర ఇస్తే లేచి తిరగగలిగే మనిషి, అది జరగక మంచానికే అతుక్కుంటాడు. పేగు చివరి భాగం కోల్పోయినవాళ్లలో కొందరికి మూడు నాలుగేళ్ల తర్వాత బి12 తగ్గి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కిడ్నీ నాళాన్ని పేగుకు కలిపిన చోట సన్నబడితే నొప్పి కూడా లేకుండా కిడ్నీ దెబ్బతింటుంది. క్రియాటినిన్, బైకార్బనేట్, బి12, కడుపు స్కానింగ్ ఎప్పుడెప్పుడు చేయించుకోవాలో బతికినంతకాలానికి ఒక పట్టిక రోగి చేతిలో ఉండాలి. క్యాన్సర్ తిరగబెట్టలేదు, అంతా బాగానే ఉందని చెప్పి పంపిన మనిషి, కాపాడుకోగలిగిన కిడ్నీ పోయి డయాలసిస్‌కు చేరితే, అది ఎవరి లెక్కలో రాసుకోవాలి?

మిమ్మల్ని నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. గుర్తు పెట్టకుండా ఏ రోగినీ ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లకండి. పెట్టినట్టు కేసుషీటులో రాయండి, ఎవరు పెట్టారో సంతకం చేయించండి. సంచా, నియోబ్లాడరా అన్నది రోగితోనూ ఇంటివాళ్లతోనూ తెలుగులో మాట్లాడి నిర్ణయించండి. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చినవాళ్లకు ఉర్దూలో, అడవి మీదినుంచి దిగి వచ్చిన గిరిజనులకు వాళ్ల భాష తెలిసిన మనిషి సాయంతో మాట్లాడండి. రోగి గానీ, ఇంట్లో ఒకరు గానీ నర్సు కళ్లముందు రెండుసార్లు సంచి మార్చాకే డిశ్చార్జి చేయండి. ఆ రోజు చేతిలో కనీసం నెలకు సరిపడా సంచులు, ఫోన్ చేస్తే పలికే ఒక నంబరు, తెలుగులో ఒక కాగితం పెట్టండి. మూసిన గదులు తెరవండి. లేనిచోట ఒక బల్ల, ఒక కుర్చీతో మొదలుపెట్టండి.

ఇది చదువుతున్న రోగుల కుటుంబాలకు కూడా ఒక మాట. ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజే అడగండి: గుర్తు ఎవరు పెడతారు, సంచి మార్చడం ఎవరు నేర్పిస్తారు అని. జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి. అది మీ హక్కు.

డాక్టరుగార్లూ, వచ్చే వారం మీ ఆపరేషన్ జాబితాలో ఇలాంటి కేసు ఒకటైనా ఉంటుంది. ముందురోజు సాయంత్రం ఆ మంచం దగ్గరికి ఒక మనిషిని పంపండి. మనిషి లేకపోతే మీరే వెళ్లండి.

ఇట్లు,
యూరోస్టమీ రోగి భార్య,
విశ్రాంత ఉపాధ్యాయురాలు